బానెట్ ఎత్తిన శనివారాలు

మొన్నామధ్య మా కారుని సర్వీసుకి తీసుకెళ్ళాను. గాజు తలుపులు, చల్లటి గది, మెత్తటి సోఫా, కాగితం కప్పులో కాఫీ. కారు కడుపులో ఏం జరుగుతోందో మనకి కనపడకూడదనే ఇంత మర్యాద చేస్తారేమోనని నా అనుమానం. హారను కాస్త బొంగురుపోయింది, తీగేదో వదులైనట్టుంది, ఒకసారి బానెట్ ఎత్తి చూడనా అని అక్కడి అబ్బాయిని అడిగాను. అతను నా నెరిసిన జుట్టు వంకా, నేత చీర వంకా చూసి, మీకెందుకు మేడమ్, మేం చూసుకుంటాం కదా, మీరు కూర్చోండి అన్నాడు. మంచివాడే పాపం. కూర్చున్నాను. ఇంతలో ఎవరో లోపలి తలుపు తీసుకుని వచ్చారు. ఆ సందులోంచి వేడెక్కి నల్లబడిన ఇంజనాయిలు వాసన గుప్పుమంది. కొందరికి మల్లెపూల వాసనకి పాత రోజులు గుర్తొస్తాయంటారు. నాకు మాత్రం ఆ మాడు వాసనకే మల్కాపురంలో మా అక్క వాళ్ళిల్లు, ఇంటి ముందు రేకుల పందిరి, ఆ పందిరి కింద కారు, కారు కిందనుంచి బయటికి చాచుకుని ఉన్న మా బావ కాళ్ళు కనపడతాయి. బావ మొహం తరవాతే గుర్తొస్తుంది. శనివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో బావ అంటే రెండు కాళ్ళూ, కారు కిందనుంచి వినపడే ఒక గొంతూను.

అది తొంభైల మధ్యలో మాట. నాకు గాజువాకలో ఒక స్కూల్లో తెలుగు టీచరుగా ఉద్యోగం దొరికింది. మాది గోదావరి వైపు కుటుంబం. నాన్న స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో పనికొచ్చి కూర్మన్నపాలెంలో ఉండిపోయాడు గానీ, రిటైరవగానే అమ్మని తీసుకుని తణుకు పక్కన సొంతూరు వెళ్ళిపోయాడు. నేనొక్కదాన్నే గది తీసుకుని ఉంటానంటే అక్క ఒప్పుకోలేదు. అలా అక్కా బావల ఇంట్లో చేరాను. వాళ్ళకి పిల్లల్లేరు. నా పెళ్ళి ఎప్పటికప్పుడు వాయిదా పడుతూ ఉండడంతో ఆ ఇంట్లో చాలా ఏళ్ళే ఉన్నాను. బావది భీమిలి. పోర్టులో క్రేన్ ఆపరేటరు. పైన ఆ గాజుగదిలో షిఫ్టు అంతా ఒక్కడే కూర్చుని ఉండే మనిషి, కిందికి దిగాక ఆ బాకీ అంతా తీర్చుకునేవాడు. అంత మాటకారి. నోట్లో అన్నం ముద్ద ఉన్నా మాట ఆగేది కాదు. ఆయన 'నేను' అనడు, 'నాను' అంటాడు. 'ఏమిటి' అనడు, 'ఏటి' అంటాడు. నేను తెలుగు టీచర్ని కదా, ఆయన 'నాను' అన్నప్పుడల్లా నా వంక ఓరగా చూసి, ఏటమ్మా మరదలా, మార్కులు కోసేత్తావేటి అని నవ్వేవాడు.

మా వీధిలో అందరూ పాత స్కూటర్లకి డబ్బులు కూడబెట్టుకుంటున్న రోజుల్లో బావ పాత కారు కొన్నాడు. పోర్టులో ఎవరో ఆఫీసరు రిటైరై వెళ్ళిపోతూ అమ్మేసిన కారు. మజ్జిగ రంగు. గుండ్రటి దీపాలు రెండూ ఆశ్చర్యంగా చూస్తున్నట్టుండేవి. భీమిలిలో ఉన్న వాళ్ళమ్మ స్కూటరు మీద కూర్చోలేదు, బస్సెక్కలేదు, ఆవిడని నెలకోసారైనా అలా సముద్రం ఒడ్డున తిప్పాలి, అందుకే కొన్నాననేవాడు. ఆ మాట నిజమే. అది సగం నిజం. మిగతా సగం ఏమిటో ఆ కారు బానెట్ ఎత్తినప్పుడు ఆయన మొహం చూస్తే తెలిసేది. అక్కకి మొదటి వారమే తెలిసిపోయింది. దానికి 'సవతి' అని పేరు పెట్టింది. భోజనానికి పిలవాలంటే, తన సవతిని కాసేపు వదిలిపెట్టి రమ్మనవే మీ బావని అని నాతో కబురు పంపేది. అది నీకు సవతి గానీ బావకి కాదు కదే అంటే, నోరు ముయ్యమనేది.

కారు మెకానిక్కు దగ్గరికి వెళ్ళడం బావకి ఇష్టం ఉండేది కాదు. మెకానిక్కుల మీద కోపమేమీ లేదు. అది ఆయన పట్టుదల, అంతే. "తాడు సూసుకోకండా క్రేనెక్కినోడూ, ఆయిలు సూసుకోకండా కారెక్కినోడూ, ఇద్దరూ దేవుడి మీద బారమేసినోళ్ళే. ఆ పని ఆదివారం ఎలాగూ సేత్తన్నాం గదా. శనివారం మన పని మనం సేసుకోవాల" అనేవాడు. మాది చర్చికెళ్ళే కుటుంబం కాబట్టి ఆదివారం పానా ముట్టుకోవడానికి వీల్లేదు. అందుకని శనివారం. షిఫ్టు ఏదైనా సరే, శనివారం మధ్యాహ్నం ఒక కునుకు తీసి, లేచి, మోకాళ్ళదాకా వచ్చే పాత ఖాకీ నిక్కరు వేసుకుని, ఒక గోనెసంచి నేలమీద పరిచేవాడు. ముందు ఇంజను కాసేపు ఆన్ చేసి ఉంచేవాడు, ఆయిలు వేడెక్కి పలచబడాలని. చక్రాల కింద ఇటుకలు పెట్టి, జాకీ ఎత్తి, జాకీని నమ్మకూడదని పక్కన మొద్దులాంటి చెక్క దిమ్మలు దోపి, అప్పుడు కిందికి దూరేవాడు. అడుగున బోల్టు ఊడదీస్తే ఆయిలు అక్క బేసినులోకి నల్లగా, చిక్కగా, తాటిబెల్లం పాకంలా దిగేది. అక్క బేసినే. ఆ ఇంట్లో ఏ బేసినైనా, ఏ గరిటైనా కాస్త సొట్టపడితే చాలు, బావ దానికేసి ఆశగా చూసేవాడు.

విశాఖపట్నంలో కారుకి ఇద్దరు శత్రువులు. ఒకటి సముద్రం, రెండోది పోర్టు. ఉప్పుగాలి ఇనుముని లోపల్నుంచి తినేస్తుంది. పోర్టు నుంచి వచ్చే బొగ్గుపొడి, ఎర్ర ముడిఇనుప దుమ్ము పైనుంచి కప్పేస్తుంది. పొద్దున్న తెల్లటి బట్ట ఆరేస్తే సాయంత్రానికి కాకి రంగులోకొచ్చే ఊరు మాది. గాలి వడకట్టే ఆ గుండ్రటి ఫిల్టరు తీసి గోడకేసి కొడితే ఒక మబ్బు లేచేది. బావ ఆ మబ్బులో నిలబడి, మన ఊపిరితిత్తులకీ ఇలాంటిదోటి ఉంటే శనివారం శనివారం దులుపుకుందుం గదా అనేవాడు. బ్యాటరీ మూతల మీద పేరుకున్న తెల్లటి పొక్కుల మీద వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళు పోసేవాడు, అవి బుసబుసమని పొంగుతుంటే చూడడానికి పక్కింటివాళ్ళు కూడా వచ్చేవారు. ప్లగ్గులు ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిల్లో కడిగి, వరసగా పాత న్యూస్‌పేపరు మీద పెట్టేవాడు. అన్నీ బిగించాక ఎప్పుడూ ఒకటో రెండో బోల్టులు మిగిలిపోయేవి. అవెక్కడివో ఆయనకీ తెలిసేది కాదు. అవి లేకపోయినా నడుస్తోందంటే కంపెనీవోడు ఎక్కువేసినట్టే అని తేల్చి, ఒక సీసాలో పడేసేవాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ కారు కిందనుంచి కబుర్లు. ఏ ఓడొచ్చింది, ఏం దించారు, భీమిలిలో చిన్నప్పుడు వల లాగేవాళ్ళ వెనక తను ఎలా పరిగెత్తేవాడు, అన్నీ. నేను మెట్లమీద కూర్చుని కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకుంటూ ఊఁ కొట్టేదాన్ని. అక్క మాత్రం ఆ పందిరి కిందికి వచ్చేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒకరోజు పొద్దున్న గెడ్డం గీసుకుంటూ గీసుకుంటూ బావ నిలబడ్డ చోటే కూలబడిపోయాడు. అక్క పరిగెత్తుకెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏదో చెప్పబోతున్నాడు, మాట రావడం లేదు. కుడిచెయ్యి ఆయనది కానట్టు పక్కన పడి ఉంది. పెద్దాసుపత్రిలో చాలా రోజులున్నాం. ప్రాణానికి భయం లేదన్నారు. కాలు నెమ్మదిగా కూడుకుంది, కర్ర పట్టుకుని నడవగలిగాడు. చెయ్యి అంతంతమాత్రం. మాట మాత్రం పడిపోయింది. మనం అన్నవన్నీ అర్థమవుతున్నాయి, ఆయన చెప్పాలనుకున్నది లోపల తయారవుతోంది, పెదాల దగ్గరికి వచ్చేసరికి దారి తప్పుతోంది. నీళ్ళు కావాలంటే ఏదో అర్థం లేని శబ్దం వచ్చేది. తప్పొచ్చిందని ఆయనకి తెలిసేది. కళ్ళు మూసుకుని తల గోడకి తిప్పుకునేవాడు. కొన్నాళ్ళకి ప్రయత్నించడమే మానేశాడు.

భీమిలిలో వాళ్ళమ్మకి ఈ సంగతి చెప్పలేదు. బావ నాన్న కూడా ఇలాగే పడిపోయి పోయాడు. ఆవిడకి చూపు బాగా మందగించింది, గుండె బలం కూడా అంతంతమాత్రం. వింటే తట్టుకోలేదని, అక్కడే అమ్మతో ఉండే బావ తమ్ముడు అన్నాడు, అక్క సరేనంది. పోర్టులో పని ఎక్కువగా ఉంది, సెలవు దొరకడం లేదని చెప్పాం. కొన్నాళ్ళు నమ్మింది. తరవాత పక్కన కొట్లో ఫోను దగ్గరికి వచ్చి కొడుకుతో మాట్లాడతానని పట్టుపట్టింది. అక్క రిసీవరు బావ చెవి దగ్గర పెట్టింది. అవతల నుంచి ఆవిడ పిలుస్తూనే ఉంది. బావ నోరు తెరిచి, మూసి, ఎడంచేత్తో ఫోను పక్కకి తోసేశాడు. లైను బాలేదత్తమ్మా అని అక్క అబద్ధం చెప్పింది. ఆ తరవాత ఆవిడ ఫోను దగ్గరికి రావడం మానేసింది. పెద్దోడు నాతో మాటాడ్డం మానేసినాడు, నానేటి తప్పు సేసినానో అని వచ్చినవాళ్ళందరితోనూ చెప్పుకునేదట.

కారు పందిరి కింద అలాగే ఉండిపోయింది. మజ్జిగ రంగు కాస్తా ఇటుక రంగులోకి మారింది. పక్కింటావిడ దానిమీద వడియాలు ఎండబెట్టుకోవచ్చా అని అడిగింది. ఇంక దాన్నెవరు నడుపుతారు, అమ్మేద్దామని బావ తమ్ముడే ఒక బేరగాణ్ణి తీసుకొచ్చాడు. అక్క కాదనలేదు. ఆ రోజు బావని కుర్చీలో వరండాలో కూర్చోబెట్టాం. బేరగాడు చక్రాన్ని కాలితో తన్నాడు, తలుపులు వేసి తీసి చూశాడు, చివరికి బ్యాటరీ మార్చి స్టార్ట్ చేశాడు. కారు దగ్గింది, వణికింది, ఒక కాలు కుంటుతున్నట్టు ఎగిరెగిరి పడుతూ నడిచింది. ఇంజను పోయిందమ్మా, ఇనుప్సామాన్లవాడికి పనికొస్తుంది, అంతే అన్నాడతను. అప్పుడు వెనక కర్ర నేలకి తగిలిన చప్పుడైంది. బావ లేచి నిలబడ్డాడు. మొహమంతా ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి. ఎడంచెయ్యి ఇంజను వైపు చాపి, గొంతులోంచి ఈడ్చుకొచ్చినట్టుగా, కానీ స్పష్టంగా, "ప్లగ్గు" అన్నాడు.

ఇన్నాళ్ళలో ఆయన నోట వచ్చిన మొదటి సరైన మాట అది. బావ మళ్ళీ "ప్లగ్గు" అన్నాడు, ఈసారి కోపంగా. బేరగాడు వంగి చూశాడు. ఒక ప్లగ్గు మీది టోపీ ఊడి పక్కన వేలాడుతోంది. దాన్ని నొక్కగానే ఆ కుంటి చప్పుడు పోయి ఇంజను సాఫీగా పాడడం మొదలుపెట్టింది. అతను వెంటనే ఇంకో ధర చెప్పబోయాడు. అక్క కారు దగ్గరికి నడిచింది. నాకు తెలిసి ఆ పందిరి కిందికి ఆవిడ రావడం అదే మొదలు. బానెట్ మీద చెయ్యి వేసి, కారు అమ్మడం లేదండీ, మీకు శ్రమ ఇచ్చాం అంది. బావ తమ్ముడు గొణిగాడు. నేనూ లోపల్లోపల, ఇప్పుడీ బరువెందుకు అనుకున్నాను. అక్క ఎవరి మొహమూ చూడలేదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ అరటిపండు, కుర్చీ, పిల్లి బొమ్మల అట్టలు చూపిస్తే బావ మొహం తిప్పుకునేవాడు. నేను తెలుగు టీచర్నన్న ధీమాతో అక్షరాలనుంచి మొదలుపెట్టాను. నన్నయితే చూడనుకూడా చూడలేదు. యాభై ఏళ్ళ మనిషి, ఓడల్లోంచి అంతేసి బరువులు దించిన మనిషి, పిల్లి బొమ్మని చూసి పిల్లి అనడమేమిటి. ప్లగ్గు సంగతి అక్క చెప్పగానే డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఏ మాట వస్తే ఆ మాట చెయ్యి పట్టుకునే వెళ్ళండి, మిగతావి దాని వెనక వస్తాయి అంది. మరుసటి శనివారం అక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బావ పాత చొక్కా పైన తొడుక్కుని, బానెట్ ఎత్తింది. పక్కన బావకి కుర్చీ వేసింది. పానాల సంచీ విప్పి నేలమీద గుమ్మరించి, ఏవండీ, ఏది తియ్యను అని అడిగింది.

మొదట్లో అది చూడలేకపోయేదాన్ని. అక్క ఒక పానా ఎత్తి చూపిస్తుంది, ఆయన తల అడ్డంగా ఊపుతాడు. ఇంకోటి. మళ్ళీ అడ్డంగా. పెదాలు కదులుతాయి, నుదుటి మీద చెమట పడుతుంది, మాట రాదు. అక్క తొందరపడేది కాదు. పప్పు ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డట్టే నిలబడేది. కొన్ని వారాలకి ఆవిడకొక కిటుకు దొరికింది. తను సరిగ్గా చేస్తే బావ మాట్లాడడు, తప్పు చేస్తే ఉండబట్టలేడు. ఆయిలు పొయ్యాల్సిన చోట నీళ్ళ సీసా ఎత్తింది. "వొద్దు" వచ్చింది. బోల్టుని బిగించాల్సింది పోయి విప్పబోయింది. "ఎడం కాదు" వచ్చింది. రెండు మాటలు కలిసి రావడం అదే మొదటిసారి. చాలా ఏళ్ళ తరవాత నాతో చెప్పింది, సగం తప్పులు కావాలనే చేశానే, మిగతా సగం నిజంగానే తెలీక చేసినవి అని.

ఆ రెండో రకం తప్పు ఒకటి మా వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు. ప్లగ్గులన్నీ తీసి శుభ్రం చేసి, చక్కగా బిగించి, తీగల వరస మాత్రం తారుమారు చేసింది. బావ అప్పుడు కుర్చీలో చిన్న కునుకు తీస్తున్నాడు. స్టార్ట్ చెయ్యగానే వెనక గొట్టంలోంచి దీపావళి బాంబు పేలినట్టు పేలింది. పక్కింటివాళ్ళ కోళ్ళు గోడ దాటి పారిపోయాయి, ఎదురింటాయన టవలుతోనే వీధిలోకొచ్చాడు. బావ ఉలిక్కిపడి లేచి, మొహం నిండా మసితో నిలబడ్డ అక్కని చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. జబ్బు చేశాక ఆయన నవ్వగా చూడడం అదే. ఒకవైపు పెదవి ఇంకా సరిగ్గా కదలడం లేదు, అయినా ఆపలేకపోయాడు. అక్కకి ముందు కోపమొచ్చింది, తరవాత ఆవిడా నేలమీద కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ మసి మొహం మీద నీళ్ళు చారలు కట్టాయి. అవి ఏ నీళ్ళో నేను అడగలేదు.

ఆ ఏడాది గడిచేసరికి బావ దగ్గర చిన్నదే అయినా ఒక భాష తయారైంది. ప్లగ్గు, పానా, ఆయిలు, బెల్టు, తిప్పు, ఆగు, చాలు, వొద్దు, గట్టిగా. ఇంట్లో అన్ని పనులూ ఆ మాటలతోనే నడిచేవి. అన్నం వడ్డిస్తే "చాలు". ఫ్యాను ఎక్కువగా తిరుగుతోందంటే "బెల్టు". కాఫీ కావాలంటే "ఆయిలు". అక్క నవ్వకుండా కాఫీ తెచ్చిచ్చేది. అక్క పేరు మాత్రం రాలేదు. నా పేరూ రాలేదు. మమ్మల్ని చూసి నోరు తెరిచి, వెతుక్కుని, ఊరుకునేవాడు. ఈలోగా అక్క గాజువాకలో డ్రైవింగు నేర్చుకుంది. నలభై దాటిన ఆడమనిషి, చుట్టూ కాలేజీ కుర్రాళ్ళు. క్లచ్చు దగ్గర ఏడిపించారట. ఆవిడ మాత్రం ఆ క్లచ్చు లోపల ఏముందో నేను విప్పి చూశాను నాయనా, నాకు టైము పడుతుంది గానీ వస్తుంది అని చెప్పి మరీ నేర్చుకుంది.

ఒక శనివారం పొద్దున్న బావ తమ్ముడు ఫోను చేశాడు. అమ్మ అన్నం సరిగా తినడం లేదు వదినా, మంచం దిగడం లేదు, ఏమడిగినా పెద్దోడు వస్తే తింటానంటోంది. అక్క ఫోను పెట్టేసి బావ ముందు నేలమీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. బావ తన నోటి వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపాడు. ఇలా వెళ్ళి ఏం మాట్లాడతానని. అక్క, మీ దగ్గర ఉన్న మాటలు చాలండీ అంది. లేచి వెళ్ళి రేడియేటర్లో నీళ్ళు చూసింది, ఆయిలు చూసింది, చక్రాలన్నీ బొటనవేలితో నొక్కి చూసింది. స్టీరింగు ముందు కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను వెనక సీట్లో నీళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఊరు దాటేవరకూ బాగానే ఉంది. రుషికొండ దాటాక ఎత్తు ఎక్కుతుంటే ముందునుంచి ఫట్‌మని చప్పుడు. కాసేపటికి ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. బావ "ఆగు" అన్నాడు. పక్కకి తీసి బానెట్ ఎత్తితే ఫ్యాను బెల్టు తెగిపోయి ఉంది. అక్క కంగారులో గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత మీద చెయ్యి వెయ్యబోయింది. "వొద్దు, వొద్దు" అని బావ ఎడంచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు, ఇంజను చల్లబడేదాకా అలాగే నిలబడ్డారిద్దరూ. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. బస్సుల్లో వెళ్ళేవాళ్ళు తొంగిచూస్తున్నారు. డిక్కీలో కొత్త బెల్టు ఒకటి ఎప్పుడూ ఉండాలన్నది బావ నియమం. అక్క డైనమో బోల్టు వదులు చేసి, బెల్టు తొడిగి, కడ్డీతో ఎగదన్ని పట్టుకుంది. బావ వంగి బొటనవేలితో బెల్టు నొక్కాడు. "ఇంకా." మళ్ళీ నొక్కాడు. "చాలు. బిగించు." 'బిగించు' కొత్త మాట. ఇద్దరూ గమనించినట్టు లేదు. నేను గమనించాను.

భీమిలిలో ఇంటి ముందు కారు ఆగేసరికి వాళ్ళమ్మ ఆ చప్పుడు గుర్తుపట్టి మంచం మీద లేచి కూర్చుందట. మేం లోపలికి వెళ్ళేసరికి చేతులు గాల్లోకి చాపి ఉంది. బావ కర్ర గోడకి ఆన్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఆయన మొహం తడిమింది, చెవులు తడిమింది.

"ఏటైపోనావురా నాయినా ఇన్నాళ్ళూ? అమ్మ మీద కోపమొచ్చిందేటి?"

బావ పెదాలు కదిలాయి. ఆయన తన దగ్గరున్న మాటలన్నీ వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తోంది. చివరికి తన గుండెమీద చెయ్యి పెట్టుకుని, "ప్లగ్గు... పోనాది" అన్నాడు.

బావ తమ్ముడు అడ్డం వెళ్ళి, కారు పాడైపోయిందట అమ్మా అని సర్దబోయాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఆవిడ చెయ్యి బావ భుజం మీంచి కిందికి దిగి, మోచెయ్యి దాటి, పట్టులేని ఆ కుడి అరచేతి దగ్గర ఆగింది. ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పి చూసింది.

"మీ అయ్యకీ ఇదే సెయ్యి" అంది నెమ్మదిగా. "ఆడు తెల్లారేదాకా కూడా ఆగలేదు. నువ్వాగినావు." తరవాత అక్క ఎటువైపుందో పోల్చుకుని ఆ వైపు తిరిగింది. "నాకు సెప్తే సచ్చిపోతాననుకున్నారు. కొడుకు మాటాడకపోతే బతికేత్తాననుకున్నారా, అమ్మా?"

అక్క ఇంజను చూసొస్తానని బయటికి వెళ్ళిపోయింది. ఇంజనుకేమీ కాలేదు. ఆవిడ బానెట్ ఎత్తుకుని దాని చాటున చాలాసేపు నిలబడింది. లోపల బావ వాళ్ళమ్మ అన్నం పెట్టించుకుంది. కొడుకు పక్కనే కూర్చుని, తినిపించమన్నట్టు నోరు తెరిచింది. బావ ఎడంచేత్తో, ముద్దలు చెదిరిపోతున్నా, తినిపించాడు. "చాలా?" అని అడిగేవాడు మధ్యమధ్య. "ఇంకోటెట్టు" అనేదావిడ.

ఆవిడ ఆ తరవాత కూడా చాన్నాళ్ళే బతికింది. నెలకోసారి అక్క కారు తీసేది, ముందు రోజు అన్నీ చూసుకుని. వాళ్ళమ్మ దగ్గర బావకి మాటలు త్వరత్వరగా వచ్చాయి, చిన్నప్పుడు వచ్చిన దారినే వచ్చాయేమో. సేప, వల, అలలు. 'నాను' కూడా వచ్చింది. ఆరోజు నేను ఆయనకి నూటికి నూరు మార్కులు వేశాను. మునుపటిలా గలగలా మాట్లాడలేకపోయినా, ఇంట్లో కాఫీ కాఫీ అయింది, ఫ్యాను ఫ్యాను అయింది. వీధిలో ఆడవాళ్ళు స్కూటీలు కొనుక్కున్న రోజుల్లో, ప్లగ్గు శుభ్రం చేయించుకోవడానికి అక్క దగ్గరికే వచ్చేవారు. ఉప్పుగాలి ఆ కారు అడుగుభాగాన్ని నెమ్మదిగా తినేసింది; కాళ్ళ దగ్గర రోడ్డు కనపడడం మొదలుపెట్టాక ఇచ్చేశారు. తీసుకెళ్ళేవాడికి బావ బానెట్ ఎత్తి, ఏది ఎక్కడుందో మాట తడుముకుంటూ తడుముకుంటూనే అంతా చెప్పాడు. అతను పాతసామాన్లవాడు, అతనికవన్నీ అక్కర్లేదు. అయినా చివరిదాకా నిలబడి విన్నాడు.

అక్క పేరు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి వేరే ఇంట్లో ఉన్నాను. అక్క ఫోనులో చెప్పింది. మధ్యాహ్నం వంటింట్లో ఉందట. వాన మొదలైంది. బట్టలు తడుస్తన్నాయని వరండాలోంచి బావ ఆవిడని పేరు పెట్టి కేకేశాడు. ఆవిడ మామూలుగానే పరిగెత్తుకెళ్ళి తీగమీది బట్టలన్నీ లాక్కొచ్చి, మంచం మీద పడేసి మడతపెట్టడం మొదలుపెట్టింది. మూడో చీరో నాలుగో చీరో మడతపెడుతుంటే చెయ్యి ఆగిపోయిందట. బయటికి వచ్చి చూస్తే బావ వాన చూస్తూ కూర్చుని ఉన్నాడు, ఏమీ జరగనట్టు. ఇంకోసారి పిలవండి అని అడుగుదామనుకుని, అడగకుండా వచ్చి పక్కన కూర్చుందట. పోగొట్టుకున్నవి కాలం తిరిగిస్తుందంటారు. ఇస్తుంది గానీ, మనం అడిగిన వరసలో ఇవ్వదు. చేతికి ముందు ఏది తగిలితే అది పడేస్తుంది. దాన్ని చిన్నచూపు చూడకుండా తీసుకుని దాచుకున్నవాళ్ళ దగ్గరికే, మిగతావి కూడా ఎప్పుడో ఒక వానపడే మధ్యాహ్నం, అడక్కుండానే వచ్చి చేరుతాయి.